పీతాసురుడు ఏడో రీల్లో చచ్చి ఆరో రీల్లో లేచిన వైనం

కొత్తరేవులో జయదుర్గా టాకీస్ మూతపడి తొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆపరేటర్ నూకరాజుకి తప్ప. ఆయనకీ తెలుసు గాని ఒప్పుకోడు. ప్రతి శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, చిన్న నూనె డబ్బా చేత్తో పట్టుకుని హాలుకి బయల్దేరతాడు. కింద హాలంతా కొబ్బరిపీచు బస్తాలు. పైన కేబిన్లో రెండు ప్రొజెక్టర్లు. వాటి పళ్ళచక్రాలకి చుక్క చుక్క నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కాసేపు ఉత్తినే తిప్పి ఇంటికొస్తాడు.

"ఏ సినిమా ఏద్దావని ఆ తుడుపుళ్ళు?" అంటుంది భార్య మంగతాయారు.

"ఏత్తాను. నువ్వలా చూస్తా ఉండు," అంటాడు నూకరాజు.

ఈ మాటలు దాదాపు నాలుగు వందల అరవై శుక్రవారాలుగా ఒక్క అక్షరం తేడా లేకుండా నడుస్తున్నాయి. ఆయనకిప్పుడు అరవై ఎనిమిది. కోరిక ఒక్కటే. కాలూ చెయ్యీ ఆడుతుండగా ఆ మిషన్ల మీద తన చేత్తో ఇంకొక్క సినిమా నడపాలి. అదీ ఏదో ఒక సినిమా కాదు, పీతాసురుడు.

పీతాసురుడంటే తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. అది జపాను సినిమా. మద్రాసులో ఎవరో మహానుభావుడు తెలుగు మాటలు పెట్టించాడు. శాస్త్రవేత్తకీ, సేనాధిపతికీ, ఏడ్చే ముసలమ్మకీ ఒకే గొంతు. పైగా ఆ గొంతుకి ఆ వారం జలుబు. పదంతస్తుల మేడంత పచ్చటి పీత సముద్రంలోంచి లేచి ఊళ్ళ మీద పడుతుంది. పీత కింద మనిషి కాళ్ళుంటాయి, వాటికి తెల్ల క్యాన్వాసు బూట్లుంటాయి. వెనక్కి తిరిగితే వీపు మీద జిప్పు. సినిమా మొత్తానికి వంతెన ఒక్కటే, అదే మూడుసార్లు కూలుతుంది. రెండోసారి కూలేముందు పక్కనించి ఒక చెయ్యి వచ్చి దాన్ని సర్ది వెళ్తుంది. ఇంత చక్కని సినిమాని మిగతా ఊళ్ళల్లో మూడో రోజుకే ఎత్తేశారు. కొత్తరేవులో మాత్రం యాభై రోజులాడింది.

దానికి కారణం పంచరు.

ఆ రోజుల్లో ఒకే ప్రింటుని రెండు హాళ్ళలో ఆడించేవారు. కాలవ అవతల శ్రీకృష్ణా టాకీస్‌లో ఆట అరగంట ముందు మొదలయ్యేది. అక్కడ అయిపోయిన రీలునల్లా డబ్బాలో పెట్టి, ఇద్దరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు సైకిళ్ళ మీద జయదుర్గాకి చేరవేసేవారు. పీతాసురుడు విడుదలైన రోజు ఆరో రీలు తెస్తున్న సత్తిబాబు, అంటే మంగతాయారు తమ్ముడు, కాలవగట్టు మీద పంచరై ఆగిపోయాడు. వెనకాల ఏడో రీలుతో వస్తున్నవాడు అతన్ని చూసి, "ఏం బావా, కుదేలా?" అని పలకరించి ముందెళ్ళిపోయాడు. హాల్లో తెర తెల్లగా ఉంది. నేల క్లాసు వెనక బెంచీలు విరుగుతున్నాయి. నూకరాజు వెనకా ముందూ చూడకుండా చేతికందిన ఏడో రీలు ఎక్కించేశాడు.

ఏడో రీల్లో సైన్యం పీతని కొండమీది సలసల కాగే నీటిగుండంలోకి తోలుతుంది. పీత ఉడికి, ఎర్రబడి, చస్తుంది. అది అయిపోగానే సత్తిబాబు చెమటలు కక్కుతూ ఆరో రీలు తెచ్చాడు. నూకరాజు అదీ వేశాడు. చచ్చిన పీత పచ్చగా నవనవలాడుతూ రేవులో లేచి, ఓడల్ని పటపట విరిచేసింది. హాలు ఎగిరిపడింది. ఈలలకి పైకప్పు రేకులు అదిరాయి. చివరి ఎనిమిదో రీల్లో పిల్లలు సముద్రం ఒడ్డున నిలబడి చేతులూపుతారు. పోయిన పీతకి నివాళి అని జపానువాళ్ళ ఉద్దేశం. కొత్తరేవు జనం మాత్రం పీత గెలిచి ఇంటికెళ్తోందనుకున్నారు. రెండో రోజు నూకరాజు బుద్ధిగా వరుస సరిచేసి వేస్తే, "నిన్న లేచిన పీత ఇయ్యాలెందుకు లెగలేదు?" అని జనం టిక్కెట్ల గది తలుపు పీకేశారు. ఆ తర్వాత నలభై ఎనిమిది రోజులూ పంచరు లేకపోయినా ఏడు ముందు, ఆరు వెనక. ఆఖరి రోజుకి డబ్బాలు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. అవి కేబిన్లో బల్ల కింద అలాగే ఉండిపోయాయి.

ఇదంతా నలభై మూడేళ్ళ కిందటి మాట. పోయిన ఏడాది వరకూ ఎవరికీ పట్టలేదు.

పోయిన ఏడాది వైదేహి వచ్చింది. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం ఆ అమ్మాయికి. రాకాసి సినిమాలంటే ఎంత పిచ్చంటే వాటికోసం జపాను భాష నేర్చుకుంది. ఆమెకి అలాంటి స్నేహితులే ఇంకో పన్నెండుమంది. పీతాసురుణ్ణి ఎక్కడో అరిగిపోయిన వీడియోలో చూసి, 'మరీ తిట్టాల్సినంత చెడ్డదేం కాదే' అనుకున్నారు. పాత పేపర్లో 'కొత్తరేవులో యాభయ్యవ రోజు' అన్న ప్రకటన చూసి, ఇదేం వింత అని రైలెక్కారు. నూకరాజు కేబిన్లో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పదముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అయితే బాబాయ్ గారూ, మేం ఇన్నాళ్ళూ చూసింది తప్పు సినిమా అన్నమాట!" అంది వైదేహి కళ్ళు తుడుచుకుంటూ.

తిరిగెళ్ళాక ఒక వ్యాసం రాసింది. 'ఇది గొప్ప సినిమా కాదు. బూట్లు కనిపిస్తాయి, జిప్పు కనిపిస్తుంది. కాని బూట్లేసుకున్న ఆ మనిషి పీతనని ఎంత గట్టిగా నమ్మాడో కూడా కనిపిస్తుంది. నవ్వుతూ చూడండి, ప్రేమగా నవ్వండి' అని. అందులో వంకపెట్టడానికేమీ లేదు. వేలమంది చదివారు, వందలమంది కొత్తరేవు వచ్చి మూతపడ్డ హాలు ముందు ఫోటోలు దిగారు. అక్కడితో ఆగితే అందరూ సుఖంగా ఉండేవారు.

ఆ వ్యాసం రాష్ట్ర చలనచిత్ర వారసత్వ పరిరక్షణ మండలి కంటపడింది.

మండలి ప్రత్యేకాధికారి భానుమూర్తి మూడు జీపుల్లో దిగాడు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుందని డ్రైవర్లు చెప్పుకుంటారు. హాలు మధ్య పీచు బస్తా మీద నిలబడి ప్రకటించాడు.

"వారసత్వమనగా ఏది ఎటుల ఉన్నదో దానిని అటులనే ఉంచుట. కావున ఈ చిత్రమందు లోపములు లేవు. ఉన్నవన్నియు విశేషములు. నేటినుండి లోపము అను పదము నిషేధించడమైనది."

విశేషాలు లెక్కపెడితే రెండు వందల పద్నాలుగు తేలాయి. జిప్పు పదిహేడో విశేషం. దాన్ని ఇకమీదట 'వెన్నుగీత' అనాలి. వంతెన సర్దిన చెయ్యి నూట రెండోది. దానికి 'అదృశ్య హస్తం' అని పేరు పెట్టి, కనిపిస్తున్నదాన్ని అదృశ్యం అనొచ్చా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు. అది ఇంకా కూర్చునే ఉంది.

తర్వాత నవ్వు సమస్య వచ్చింది. వారసత్వాన్ని చూసి నవ్వడం నేరం. కాని మొదటిరోజు జనం నవ్వారు కాబట్టి నవ్వకపోవడమూ నేరమే. చివరికి ముప్ఫై ఒక్క చోట్ల, చోటుకి నాలుగు సెకన్ల చొప్పున నవ్వు మంజూరైంది. హైస్కూల్లో ఊరివాళ్ళకి నవ్వు శిక్షణ పెట్టారు. మంగతాయారు రెండు సెకన్లు ఆలస్యంగా నవ్వుతోందని వెనక బెంచీకి పంపించారు.

"నాకు అర్తవయ్యాకే నవ్వొత్తాది బాబూ. అర్తం కాకముందు నవ్వితే పిచ్చిదంటారు గదా," అందావిడ. ఆ మాట రాసుకున్నారు గాని మార్కులు వెయ్యలేదు.

ఇన్ని తిరకాసుల మధ్యా నూకరాజు పండగ చేసుకుంటున్నాడు. ఎందుకంటే పీతాసురుణ్ణి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జయదుర్గాలో మొదటిరోజు ఎలా ఆడిందో అలాగే ఆడిస్తామని మండలి తీర్మానించింది. ఆ మర్నాడే ప్రింటు రాజధానికెళ్ళి అద్దాలపెట్టెలో పడుకుంటుంది. హాలు మళ్ళీ పీచుకే. కాబట్టి ఇదే మొదలూ ఇదే ఆఖరూ. నూకరాజు ఆ వారం శుక్రవారం దాకా ఆగకుండా రోజూ నూనె వేశాడు.

మొదటిరోజు ఎలాగో అలాగే కావాలంటే పంచరు కావాలి. భానుమూర్తి టేపులూ కొలబద్దలతో కాలవగట్టుకి వెళ్ళాడు. సత్తిబాబుని పిలిపించి ఏ చక్రమని అడిగాడు.

"ఎనకదండి."

"కారణభూతమైన వస్తువు?"

"మేకండి. ఎద్దు నాడా మేకు. ఇదిగో, ఇక్కడేనండి, ఈ మలుపులో."

ఆ చోట సున్నంతో గుండ్రంగా గీత గీశారు. కొత్త మేకుకి పరీక్ష చేయించి ధ్రువపత్రం ఇచ్చారు. సైకిళ్ళు అత్యుత్తమ శ్రేణివి కొనమని కొనుగోళ్ళ విభాగానికి రాశారు. శ్రీకృష్ణా టాకీస్ ఇప్పుడు కల్యాణమండపం. ఆ రోజు అక్కడెవరిదో పెళ్ళి ఉంది. అయినా సరే, అక్కడ ముందు ఆడిన రీలే ఇక్కడికి రావాలి గనక పెళ్ళిభోజనాల గోడ మీద సినిమా వెయ్యాలని నిర్ణయించారు. గట్టు మీద ఒక పరిశీలకుణ్ణి నియమించారు. అతను చూసి రాసుకోవాలి తప్ప నోరు మెదపకూడదు. పంచరు సహజంగా జరగాలి. నూకరాజుకి ఒక సందేహం వచ్చింది.

"రెండో రోజు నుంచీ పంచరేం లేదండి. నేనే కావాలని ముందూ ఎనకా వేసేవాణ్ణి. ఇప్పుడూ అలా వేసేత్తే పోద్ది గదండీ?"

"అది తదుపరి అనుకరణ. మూలము మొదటి దినమే. నియమము తొమ్మిది చదువుము: ఏ రీలు ముందు చేరునో అదియే ముందు నడుపవలెను."

"ఒకవేళ పంచరవ్వకపోతేనోనండి?"

భానుమూర్తి జాలిగా చూశాడు. "ప్రభుత్వ పంచరయ్యా. కాక ఏమి చేయును?"

ఈలోగా మండలి జపానుకి ఒక లేఖ రాసింది. 'కొత్తరేవున మరణించిన పీత తిరిగి లేచినందున, తమ చిత్రపు మూలప్రతిలో ఆరు, ఏడు రీళ్ళు తారుమారైనట్లు మా పరిశీలనలో తేలినది. సత్వరము సరిచేసుకొని వివరణ పంపగలరు' అని. ఆ సినిమా తీసిన కంపెనీ ఎప్పుడో ఎత్తిపోయింది. ఉత్తరం చేతులు మారి మారి కిమురా అనే ఎనభై ఆరేళ్ళ పెద్దాయనకి చేరింది. ఆయన జవాబు రాశాడు. వైదేహి దాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంటే నూకరాజు కదలకుండా విన్నాడు.

'ఆ పీత లోపల ఉన్నది నేను. బూట్లు కూడా నావే. ఏడో రీలు తీసినరోజు నీళ్ళు నిజంగానే వేడిగా ఉండి కాళ్ళు బొబ్బలెక్కాయి. ఎవరూ చూడని సినిమా కోసం అలా చచ్చానే అని చాలా ఏళ్ళు బాధపడ్డాను. మీ ఊళ్ళో అది మళ్ళీ లేచిందని రాశారు. ఒక్కసారి చూడాలని ఉంది. వస్తాను.'

ఇక మిగిలింది ఆపరేటర్ అర్హత పరీక్ష. నూకరాజు పెళ్ళినాటి పట్టుపంచె కట్టుకుని వెళ్ళాడు. బల్ల వెనక ముగ్గురు. ఒకే ప్రశ్న వేశారు.

"ఏడవ రీలును ఆరవ రీలునకు ముందు నడుపుటకు గల కారణమేమి?"

"సైకిల్ పంచరైందండి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"పంచరు రవాణా విభాగమునకు సంబంధించిన అంశము. అది మీ పరిధి కాదు. ఆపరేటరు యొక్క కారణము చెప్పుము."

"నా కారణమూ అదేనండి, ఆయ్. బెంచీలు ఇరిగిపోతన్నాయండి."

సరైన జవాబు 'మరణానంతర జీవనేచ్ఛను ప్రతిపాదించు కళాత్మక వ్యుత్క్రమము'. మండలి జూనియర్ సహాయకుడు హేమసుందర్ దాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. అతను ఫిల్ము రీలుని ముట్టుకున్నది మూడు రోజుల శిక్షణలోనే. అతనికి నూటికి నూరు. నూకరాజుకి సున్న. ఆయన రోడ్డు మీద నడుస్తుంటే ఎవరో "ఏం నూకరాజూ, ఎప్పుడు ఆట?" అన్నారు. వినపడనట్టు వచ్చేశాడు. ఇంటికొచ్చి నూనె డబ్బా అటక మీద పెట్టేశాడు. మంగతాయారు చూసి కూడా ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేదని ఆయనకనిపించింది.

ఆట రోజు మధ్యాహ్నం వైదేహి కిమురాని ఇంటికే తీసుకొచ్చింది. పొట్టిగా, బక్కగా, తెల్ల క్యాన్వాసు బూట్లతో ఉన్నాడాయన. నూకరాజు రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నాడు.

"మీరే కదా నన్ను లేపింది, ఇవాళ కూడా మీరే లేపుతారు కదా అంటున్నారు, బాబాయ్ గారూ," అంది వైదేహి.

నూకరాజు అటక వైపు చూశాడు. మంగతాయారే చెప్పింది. "పరీచ్చ తప్పాడమ్మా. వేరే ఆయన లేపుతాడని చెప్పు."

రెండున్నరకి ఆట మొదలైంది. హాలు కిక్కిరిసింది. కిమురాని పెద్దకుర్చీలో దండ వేసి కూర్చోబెట్టారు. నూకరాజు నేల క్లాసులో భార్య పక్కన కూర్చున్నాడు. మొదటి మంజూరు నవ్వు మండలివాళ్ళు బల్ల గుద్దగానే వచ్చి, నాలుగు సెకన్లకి మళ్ళీ బల్ల గుద్దగానే ఆగింది. రెండోదీ అంతే. మూడు, నాలుగు, అయిదు రీళ్ళు అలాగే గడిచాయి. తన సినిమా చూసి జనం డ్రిల్లు చేస్తున్నట్టు నవ్వుతుంటే కిమురా బిత్తరపోయి చూస్తున్నాడు.

అయిదో రీలు అయిపోయింది. తెర మీద రేవు కనిపించింది. ఓడలు, వంతెన. నూకరాజు ముందుకి వంగి చూశాడు. అది ఆరో రీలు. ఆరు ముందొచ్చేసింది.

పంచరు కాలేదు. అత్యుత్తమ శ్రేణి సైకిళ్ళంటే గాలి అక్కర్లేని నిండు రబ్బరు టైర్లవి కొన్నారు కొనుగోళ్ళవాళ్ళు. సున్నపు గీతలో ధ్రువపత్రం ఉన్న మేకు మీదుగా సైకిలెళ్ళింది, మేకే వంగింది. నోరు మెదపకూడని పరిశీలకుడు 'పంచరు: శూన్యం' అని రాసుకుని ఊరుకున్నాడు. తప్పు జరగాల్సిన చోట తప్పు జరగక సినిమా సరిగ్గా నడిచిపోతోంది.

రేవులో ఓడలు విరిగాయి. తర్వాత ఏడో రీల్లో పీత గుండంలోకి దిగింది. జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు.

"ఏంటయ్యా, ఇప్పుడు చచ్చిపోతే మళ్ళీ ఎప్పుడు లెగుద్ది?" అంది మంగతాయారు.

"లెగదే. తరవాత పిల్లలు చేతులూపేత్తారు, అయిపోద్ది."

ఆవిడ కిమురా వైపు చూపించింది. ఆ పెద్దాయన కుర్చీ అంచుకి జరిగి, తెర మీద ఎర్రబడుతున్న తనని తనే చూస్తున్నాడు. తెలియకుండానే బూట్లు రెండూ నేల మీంచి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇంత దూరం వచ్చింది చావడానికా ఆయన?" అందావిడ. "లెగు."

నూకరాజు లేచాడు. కేబిన్ తలుపు మీద 'అర్హత లేనివారికి ప్రవేశం లేదు' అని బోర్డు. తోసుకుని లోపలికెళ్ళాడు. హేమసుందర్ ఎనిమిదో రీలు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"తాతగారూ, వరుస తప్పలేదండి! ఏం చెయ్యాలండి? తొమ్మిదో నియమం..."

"ఆ రీలు కింద పెట్టు బాబూ. ఆరో రీలేది?"

"అది అయిపోయిందండి. ఒకసారి వేసింది మళ్ళీ వెయ్యాలంటే నియమం లేదండి."

"వెయ్యకూడదని ఉందా?"

హేమసుందర్ ఆలోచించాడు. అదీ లేదు. అలాంటి పని ఎవరైనా చేస్తారని మండలికి తట్టలేదు. నూకరాజు ఆరో రీలుని రివైండర్‌కి తగిలించి చేత్తో గిరగిరా తిప్పాడు. తొమ్మిదేళ్ళుగా ఉత్తినే తిరిగిన చెయ్యి అది, ఎక్కడా తడబడలేదు. రెండో మిషన్లో ఫిల్ము ఎక్కించాడు. కింద పీత ఆఖరిసారి కాలు కొట్టుకుని చచ్చింది. తెర మూలన రీలు మార్చమనే చుక్క కనపడగానే నూకరాజు మిషన్ మార్చాడు.

రేవు. ఓడలు. నీళ్ళు సుడి తిరిగాయి. పచ్చటి డెక్క ఒకటి పైకొచ్చింది.

"లేచిందిరోయ్!" అని నేల క్లాసులోంచి కేక.

ఆ తర్వాత బల్ల ఎవరూ గుద్దలేదు, గుద్దినా వినపడేది కాదు. ఈలలు, కేకలు, టోపీలు. చెయ్యొచ్చి వంతెనని సర్దింది, జనం ఆ చేతికీ ఈల వేశారు, పావుగంట కింద కూలిన వంతెన మళ్ళీ కూలింది. మంగతాయారు ఈసారి ఆలస్యం లేకుండా నవ్వింది. కిమురా దండతో సహా లేచి, రెండు చేతులూ డెక్కల్లా ఎత్తి, నడవలో పక్కకి పక్కకి నడిచాడు. పిల్లలూ పెద్దలూ ఆయన వెనకాల పీతల్లా నడిచారు. కేబిన్ కంతలోంచి చూస్తున్న నూకరాజుకి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చివరికి పిల్లలు సముద్రం ఒడ్డున చేతులూపారు. కిమురా తెరకి చెయ్యూపాడు. తర్వాత వెనక్కి తిరిగి కేబిన్ వైపు ఊపాడు.

పదిరోజులకి నూకరాజుకి మండలి నుంచి రిజిస్టరు పోస్టులో సంజాయిషీ నోటీసు వచ్చింది. 'ఏ అర్హతయు లేని తమరు, మరణించిన పీతను, ఆరవ రీలును రెండవ పర్యాయము నడుపుట ద్వారా, ఏ కారణమున పునర్జీవితము గావించితిరో వారము దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపగలరు. కారణము ఒక్క వాక్యమునకు మించరాదు.'

అది శుక్రవారం. నూకరాజు తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, అటక మీంచి నూనె డబ్బా దించి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని, నోటీసు కిందే, కారణం అని ఖాళీ వదిలిన చోట గుండ్రటి అక్షరాలతో రాశాడు:

'సైకిల్ పంచరవ్వలేదండి.'

కింద సంతకం చేసి, ఇంకా చోటుంటే 'ఆపరేటర్, జయదుర్గా టాకీస్' అని కూడా రాసి, నూనె డబ్బా పట్టుకుని హాలుకి బయల్దేరాడు.